గౌరామి అద్దాన్ని వదలకుండా తిరుగుతుంటే

తల్లీ,

నువ్వు పంపిన వీడియో నాలుగైదుసార్లు చూశాను. నీ నీలం గౌరామి చేప ట్యాంక్ కుడిపక్క అద్దానికి మూతి ఆనించి పైకి ఎక్కుతోంది, కిందికి జారుతోంది, అడుగున రాళ్ళు తగలగానే మళ్ళీ పైకి వెళ్తోంది. కాలుకాలిన పిల్లిలా ఒక్కచోట నిలవడం లేదు. "ఏ మందు వెయ్యాలి మామయ్యా?" అని అడిగావు. ఇప్పటికి ఏ మందూ వద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే మూత తియ్యకుండా పక్కన పెట్టు. అక్కడ దానికి ఏదో సరిపడటం లేదు, అందుకే అలా తిరుగుతోంది. ఆ ఏదో ఏమిటో తెలియకుండా మందు పోస్తే, అసలే అవస్థ పడుతున్న ప్రాణికి ఇంకో అవస్థ తగిలించినట్టు అవుతుంది.

ముందు నీళ్ళు పరీక్ష చెయ్యి. ట్యాంక్ పెట్టి మూడు వారాలే అయిందన్నావు కాబట్టి నా అనుమానమంతా దాని మీదే. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది, తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. ఫిల్టర్ స్పాంజ్‌ని అంటిపెట్టుకుని పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గానూ, తర్వాత నైట్రేట్‌గానూ మారుస్తుంది. కొత్త ట్యాంక్‌లో ఆ బాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీ ట్యాంక్ సరిగ్గా ఆ మధ్యలో ఉంది. నీళ్ళు మన కంటికి తేటగానే కనిపిస్తాయి, చేపకి మాత్రం మొప్పలు మండిపోతుంటాయి.

చుక్కల టెస్ట్ కిట్ తీసుకో, కాగితం పట్టీల కన్నా అది నమ్మకంగా చెబుతుంది. నా దగ్గరున్న కిట్‌లో అమ్మోనియా లేకపోతే గొట్టంలో నీళ్ళు నిమ్మపండు రంగులో ఉంటాయి, ఉంటే ఆకుపచ్చకి తిరుగుతాయి. సీసా మీద చెప్పినన్ని నిమిషాలు ఆగి, గొట్టాన్ని తెల్లకాగితం ముందు పట్టుకుని పగటి వెలుతురులో చూడు. ట్యూబ్‌లైట్ కింద లేత ఆకుపచ్చ కూడా పసుపులాగే అనిపిస్తుంది. నేను రెండుసార్లు అలా పొరబడ్డాను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ 20 నుంచి 40 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) లోపు ఉంటే ఫరవాలేదు. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) కూడా చూసి రాసుకో, ఎందుకంటే పీహెచ్ 7 దగ్గర ఉన్న అమ్మోనియాయే పీహెచ్ 8 దగ్గర దాదాపు పది రెట్లు విషమవుతుంది. ఒకరి ట్యాంక్‌లో చేప తట్టుకున్న అంకె ఇంకొకరి ట్యాంక్‌లో ప్రాణం తీసేది అందుకే.

అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే ఆరోజే మూడో వంతు నీళ్ళు మార్చు. కొత్త నీళ్ళని చేత్తో తాకితే ట్యాంక్ నీళ్ళంత వెచ్చగానే అనిపించాలి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపకుండా పొయ్యకు. ఒక రాత్రి బకెట్లో ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుందని చాలామంది అంటారు. క్లోరిన్ సంగతి అంతే, కానీ కొన్నిచోట్ల నీళ్ళలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) కలుపుతారు, అది అంత తేలిగ్గా పోదు. మర్నాడు మళ్ళీ పరీక్ష చెయ్యి, ఇంకా ఉంటే మళ్ళీ మార్చు. ఈ రోజుల్లో మేత రోజు విడిచి రోజు, చిటికెడు చాలు. జాలిపడి ఎక్కువ వెయ్యకు. ఆరోగ్యంగా ఉన్న చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు. ఫిల్టర్‌ని రాత్రిపూట ఆపే అలవాటుంటే ఇవాళ్టి నుంచి మానెయ్యి. నీళ్ళు ఆడకపోతే ఆ స్పాంజ్‌లోని బాక్టీరియాకి ప్రాణవాయువు అందక చచ్చిపోతుంది, నీ మూడు వారాల శ్రమా మొదటికొస్తుంది. స్పాంజ్ కడగాల్సి వస్తే ట్యాంక్‌లోంచి తీసిన నీళ్ళలోనే పిండు, కుళాయి కింద వద్దు.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి. చేపల్ని పెంచడం మొదలుపెట్టిన మొదటి సంవత్సరంలో నా చేప ఒకటి ఇలాగే తిరిగింది. కంగారుపడి ఒక్క పూటలో అన్నీ మార్చేశాను. నీళ్ళన్నీ తోడేశాను, రాళ్ళు కడిగాను, స్పాంజ్‌ని కుళాయి కింద తెల్లబడేదాకా ఉతికాను, ట్యాంక్‌ని వేరే గోడ దగ్గరికి జరిపాను. మూడో రోజు పొద్దున చూస్తే అడుగున పక్కకి ఒరిగి ఉంది. దాని అసలు ఇబ్బంది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నీ ఒకేసారి మార్చాను కాబట్టి తెలుసుకునే దారి కూడా నేనే మూసేశాను. నీళ్ళు చెడ్డవైతే ఆగకూడదు. మిగతావి మాత్రం ఒక్కటి మార్చి, రెండు మూడు రోజులు చూసి, ఆ తర్వాతే రెండోది.

నీళ్ళ అంకెలు బాగుంటే అప్పుడు అద్దం సంగతి చూద్దాం. మన భాషలో ట్యాంక్‌కి ఉండే పలకనీ అద్దమే అంటాం, మొహం చూసుకునేదాన్నీ అద్దమే అంటాం. చేపకి ఆ రెండూ నిజంగానే ఒకటి. గది చీకటిగా ఉండి ట్యాంక్‌లో లైటు వెలుగుతుంటే లోపలి నుంచి ఆ గాజు అద్దంలా మారుతుంది. నీ చేపకి ఎదురుగా సరిగ్గా అంతే సైజులో ఇంకో గౌరామి నిలబడుతుంది. ఇది కదిలితే అదీ కదులుతుంది, ఎంత తరిమినా వెనక్కి తగ్గదు. గౌరామి మగవాటికి తమ చోటంటే పట్టుదల ఎక్కువ. నువ్వే చూడొచ్చు: రాత్రి గది లైటు ఆపి, ముందు అద్దంలోంచి కుడిపక్క అద్దాన్ని ఏటవాలుగా చూడు. వెండిరేకులా మెరుస్తూ ట్యాంక్ రెండింతలైనట్టు కనిపిస్తుంది.

నా దగ్గరున్న ముత్యాల గౌరామి పగలంతా బుద్ధిగా ఉండి, సాయంత్రం ఏడు దాటగానే మొదలుపెట్టేది. నీళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి. పొట్ట కింద మీసాల్లాంటి రెండు సన్నటి పోగులు ఉంటాయి చూడు, అవి గౌరామికి చేతుల్లాంటివి, వాటితోనే దేన్నైనా తడిమి చూస్తుంది. ఆ పోగుల్ని ముందుకు చాపి గాజుని ఒకే చోట తడుముతుంటే అప్పుడు అర్థమైంది, అటువైపు ఎవరో ఉన్నారనుకుంటోందని. గదిలో ఒక చిన్న దీపం వెలిగించి, ట్యాంక్ లైటు తగ్గించి, ఆ పక్కన పొడవాటి మొక్కలు నాటాను. నాలుగో సాయంత్రానికి ఆ మొక్కల మధ్యలోకి వెళ్ళి నిలబడింది. పక్క అద్దానికి బయట కాగితం అంటించాలనుకుంటే మెరుపు లేని లేత రంగుది అంటించు. చాలామంది నల్లది అంటిస్తారు. నాకది నచ్చదు, వెనక నల్లగా ఉంటే గాజులో దాని ప్రతిబింబం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

మొక్కలు ఎలాగూ కావాలి. నీ వీడియోలో ట్యాంక్ మరీ బోసిగా ఉంది, మధ్యలో ఒక బొమ్మ, చుట్టూ ఖాళీ. గౌరామి పుట్టింది మొక్కలు దట్టంగా పెరిగిన, నెమ్మదిగా పారే నీళ్ళలో. దాక్కునే చోటు లేకపోతే అది ఎప్పుడూ బెదురుతూనే ఉంటుంది. చోటుందని తెలిస్తే దాక్కోకుండా ధైర్యంగా బయట తిరుగుతుంది, నువ్వే చూస్తావు. నీటి మీద తేలే మొక్కలు కొన్ని వెయ్యి, పైనుంచి పడే వెలుగు కూడా మెత్తబడుతుంది. ఫిల్టర్ నీళ్ళు దూకే ధార నేరుగా చేప మీద పడకుండా ట్యాంక్ గోడవైపు తిప్పు.

కొన్నిటికి కంగారుపడకు. గౌరామి పైకొచ్చి గాలి పీల్చి వెళ్ళడం మామూలే, దాని తలలో అందుకోసం ప్రత్యేకంగా ఒక అవయవం ఉంది. మేత వేళకి నిన్ను చూసి అద్దం దగ్గర గంతులెయ్యడం కూడా మంచిదే. కొత్తగా తెచ్చిన చేప మొదటి వారం తిరగడం సహజం. కానీ రెక్కలు ఒంటికి అతుక్కుపోయినా, మొప్పలు ఆగకుండా ఎగశ్వాసలా కొట్టుకుంటున్నా, మేత ముట్టకపోయినా, ఒంటి మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు వచ్చినా వెంటనే ఫోన్ చెయ్యి. బెదిరి బెదిరి ఒంట్లో శక్తి తగ్గిన చేపకే ఆ చుక్కల జబ్బు తొందరగా పట్టుకుంటుంది. అప్పుడు మందు మాట మాట్లాడుకుందాం.

చంటిదాన్ని గాజు మీద తట్టనివ్వకు. చేప ఒంటి పక్కన గీతలా ఉండే భాగంతో నీటిలో ప్రతి కదలికా పట్టేస్తుంది, మన వేలి దెబ్బ దానికి చాలా పెద్దది. లైటు రోజుకి ఎనిమిది గంటలు మించొద్దు. చీకట్లోంచి ఒక్కసారిగా ట్యాంక్ లైటు వెయ్యకు, ముందు గది లైటు వేసి కాసేపాగు. దానికి కనురెప్పలు లేవు కదా.

దాంతోపాటు రెండు నియాన్ టెట్రా చేపలు తెచ్చానన్నావు. అవి గుంపులో బతికేవి, కనీసం ఆరు ఉంటే గానీ వాటికి ధైర్యం రాదు. అయినా ఇప్పుడు కొత్తవి తేవద్దు. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకొచ్చి రెండు వారాలు నిలిచాకే తెద్దువు గాని. గౌరామి 10 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, అప్పటికి నీ 60 లీటర్ల ట్యాంక్ ఇరుకైపోతుంది. ఇప్పటినుంచే పెద్దదాని కోసం కొంచెం కొంచెం కూడబెట్టుకో.

ఈ వారం రోజూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పది నిమిషాలు ట్యాంక్‌కి కాస్త దూరంగా కూర్చుని చూడు. ఏ వేళకి తిరుగుతోంది, ఏ పక్కన, లైటు ఉందా లేదా, ఒక కాగితం మీద రాసిపెట్టు. ఆదివారం ఆ కాగితం, టెస్ట్ కిట్ అంకెలు ఫోటో తీసి పంపు. చూసి ఆరోజే జవాబిస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య