పైలట్ల యూనియన్‌కి మా అబ్బాయి ఓటు వెయ్యాలా, వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఒక రీజినల్ ఎయిర్‌లైన్‌లో (పెద్ద ఎయిర్‌లైన్ల తరఫున చిన్న విమానాలు నడిపే కంపెనీ) ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. చేరి ఏడాదిన్నర అయింది. ఇంకో రెండేళ్లలో పెద్ద ఎయిర్‌లైన్‌కి మారిపోవాలని వాడి ప్లాన్. ఇప్పుడు వాళ్ల కంపెనీలో పైలట్లకు యూనియన్ కావాలా వద్దా అని ఓటింగ్ జరగబోతోంది. కంపెనీ వాళ్లు 'మన మధ్య మూడో మనిషి ఎందుకు' అంటూ వరసగా మెయిళ్లు పంపుతున్నారట. వాళ్ల నాన్నగారేమో యూనియన్ల జోలికి వెళ్తే కెరీర్ పాడవుతుంది, అసలు ఓటే వెయ్యొద్దు అంటున్నారు. అప్పు చేసి ట్రైనింగ్ ఇప్పించాం, అందుకే ఇంత టెన్షన్. వాడికి ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, సూటిగా చెప్పేస్తాను. మీ అబ్బాయి ఓటు వెయ్యాలి, నన్నడిగితే యూనియన్ వైపే వెయ్యాలి. కాకపోతే అక్కడ తోటివాళ్లు చెప్తున్న కారణానికి, అంటే జీతాలు పెరుగుతాయని మాత్రం కాదు. ఆ జీతం పెరిగే నాటికి వాడు ఆ కంపెనీలో ఉండకపోవచ్చు.

ముందు నాన్నగారి భయం సంగతి చూద్దాం. అమెరికాలో ఎయిర్‌లైన్ ఉద్యోగుల యూనియన్ వ్యవహారాలన్నీ రైల్వే లేబర్ యాక్ట్ అనే చట్టం కిందికి వస్తాయి. 1926లో రైల్వేల కోసం చేశారు, 1936లో విమానాలకూ వర్తింపజేశారు. ఎన్నిక నడిపేది కంపెనీ కాదు, యూనియనూ కాదు, నేషనల్ మీడియేషన్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ. పైలట్లలో కనీసం సగం మంది యూనియన్ కోసం ఓటింగ్ కావాలని కార్డుల మీద సంతకాలు చేస్తేనే ఎన్నిక పెడతారు, ఆ కార్డులు కంపెనీకి చూపించరు, ఎవరు ఎటు ఓటేశారో ఎవరికీ తెలియదు. యూనియన్‌ని సమర్థించాడని ఎవరినైనా వేధిస్తే అది చట్టవిరుద్ధం. ఇక కెరీర్ పాడవడం అంటారా, వాడు వెళ్లాలనుకుంటున్న పెద్ద ఎయిర్‌లైన్లు ఏవో ఒకసారి చూడండి. డెల్టా, యునైటెడ్ పైలట్లు ఆల్పా సభ్యులు (పూర్తి పేరు ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్, 1931 నుంచి ఉంది), అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ఏపీఏ, సౌత్‌వెస్ట్ వాళ్లకు స్వాపా అని సొంత యూనియన్లున్నాయి. రేపు వాణ్ణి ఇంటర్వ్యూ చేసే కెప్టెన్లే యూనియన్ కార్డు జేబులో పెట్టుకుని కూర్చుంటారు. వాళ్లు మీవాణ్ణి యూనియన్‌కి ఓటేశాడని వెనక్కి పంపుతారా?

యూనియన్ అంటే ఫ్యాక్టరీ గేటు, జెండాలు, నినాదాలు అని మన ఇళ్లలో ఒక బొమ్మ ఉంటుంది. పైలట్ల విషయంలో అది నప్పదు. అక్కడ కెప్టెన్లు కూడా అదే యూనియన్‌లో ఉంటారు, బేరానికి కూర్చునేవాళ్లు నిన్న విమానం దింపి వచ్చినవాళ్లే.

ఓటే వెయ్యొద్దన్న సలహా గురించి ఒక మాట. 2010కి ముందైతే మొత్తం పైలట్లలో సగానికి పైగా అవును అంటేనే యూనియన్ వచ్చేది, కాబట్టి ఓటు వెయ్యకపోవడం అంటే వద్దని వేసినట్టే. ఆ రూల్ మారింది. ఇప్పుడు పోలైన ఓట్లలో ఎక్కువ ఎటుంటే అటు. ఇంట్లో కూర్చున్నవాడి అభిప్రాయం లెక్కలోకే రాదు, ఫలితం మాత్రం వాడికీ వర్తిస్తుంది. ఇంకో సంగతి, ఓటు వెయ్యడం వేరు, సభ్యుడిగా చేరడం వేరు. యూనియన్ గెలిస్తే వద్దన్నవాళ్ల తరఫున కూడా అదే మాట్లాడుతుంది, చట్టం ప్రకారం మాట్లాడి తీరాలి. చందా విషయం తర్వాత ఒప్పందంలో తేలుతుంది. కొన్ని రాష్ట్రాల్లో యూనియన్‌కి డబ్బు కట్టమని ఎవరినీ బలవంతం చెయ్యకూడదనే చట్టాలున్నాయి గానీ ఎయిర్‌లైన్ వాళ్లకు అవి వర్తించవు. కాబట్టి 'నేను చేరను, చందా కట్టను' అని తర్వాత తప్పించుకోవచ్చులే అనుకోవద్దని చెప్పండి. ఆల్పా లాంటి చోట అది జీతంలో రెండు శాతానికి కాస్త తక్కువ ఉంటుంది. ట్రైనింగ్ అప్పు తీరుస్తున్నవాడికి అదీ డబ్బే.

ఇప్పుడు జీతం. జెట్‌బ్లూ అనే ఎయిర్‌లైన్ పైలట్ల కథ వాడికి తప్పకుండా చెప్పండి. 2011లో యూనియన్ వద్దని ఓటేశారు. 2014లో మళ్లీ ఓటింగ్ జరిగితే 71 శాతం మంది కావాలన్నారు. మొదటి ఒప్పందం ఎప్పుడు కుదిరిందో తెలుసా? 2018లో. నాలుగేళ్లు! అందరికీ అంతే పడుతుందని కాదు, కానీ మొదటి ఒప్పందం ఎప్పుడూ ఆలస్యమే, ఎందుకంటే పాత కాగితం ఉండదు, ప్రతి వాక్యం కొత్తగా రాసుకోవాలి. ఈలోగా కంపెనీ చేతులు పూర్తిగా కట్టేసినట్టు కూడా కాదు. రెండేళ్లలో వెళ్లిపోయేవాడు ఆ పెరిగిన జీతం కళ్ల చూడకుండానే వెళ్లిపోతాడు. 2023లో డెల్టా పైలట్లకు నాలుగేళ్లలో 34 శాతం పెంపు వచ్చిందని అందరూ చూపిస్తారు. నిజమే, కానీ అప్పుడు పైలట్ల కొరత కూడా ఉంది, కరోనా టైంలో సీనియర్లు చాలామంది ముందే రిటైరైపోయారు. కొరత ఉన్నప్పుడు యూనియన్ లేనిచోటా జీతాలు పెరుగుతాయి. స్కైవెస్ట్ పెద్ద రీజినల్, అక్కడ ఏళ్ల తరబడి పైలట్ల సొంత సంఘమే తప్ప ఆల్పా లాంటి యూనియన్ లేదు, అలాగని అక్కడివాళ్లేమీ పస్తులుండలేదు. జీతం ఒక్కటే చూసుకుంటే మీవాడి ఓటుకి పెద్ద విలువ లేదనే అంటాను.

మరి ఎందుకు వెయ్యమంటున్నాను? రికార్డు కోసం.

2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ కెప్టెన్ అంతకుముందు చెక్‌రైడ్‌లలో, అంటే విమానం నడిపి చూపించే పరీక్షల్లో, ఫెయిలైన సంగతులు కంపెనీకి పూర్తిగా తెలియవని బయటపడింది. ఆ తర్వాత వచ్చిన చట్టంతో పైలట్ల రికార్డులన్నిటికీ ప్రభుత్వ డేటాబేస్ ఒకటి పెట్టారు. ట్రైనింగ్‌లో ఏం జరిగింది, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా, ఉద్యోగం ఎలా ముగిసింది, ఇవన్నీ పాత కంపెనీ అందులో పెడుతుంది, కొత్త కంపెనీ ఉద్యోగం ఇచ్చే ముందు చూస్తుంది. ప్రయాణికులకు ఇది మంచిదే, నేను కాదనను. కానీ కుర్ర పైలట్‌కి దీని అర్థం ఏమిటంటే, ఇప్పుడున్న చిన్న కంపెనీలో పడిన ఒక్క వాక్యం పెద్ద కంపెనీ గుమ్మం దాకా వెంట వస్తుంది.

ఇలా ఊహించుకోండి. ఏదో చిన్న పొరపాటు, ఏటీసీ (కింద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోల్ వాళ్లు) చెప్పిన ఎత్తు కంటే మూడు వందల అడుగులు పైకి వెళ్లి వెంటనే సరిచేసుకున్నారు. మర్నాడు ఫోన్‌లో మెసేజ్, 'ఉదయం పది గంటలకు చీఫ్ పైలట్ ఆఫీసుకి రండి' అని. గదిలో చీఫ్ పైలట్, పక్కన హెచ్ఆర్ మనిషి, ముందు ఒక కాగితం, కింద సంతకానికి ఖాళీ. పాతికేళ్ల కుర్రాడు ఒక్కడే. భయంతో ఏదో అనేస్తాడు, 'సరే' అని సంతకం పెట్టేస్తాడు. యూనియన్ ఒప్పందం ఉన్నచోట సాధారణంగా పక్కన ఒక ప్రతినిధి కూర్చుంటాడు, ఏం రాయొచ్చో ఏం రాయకూడదో తెలిసినవాడు. నిర్ణయం అన్యాయం అనిపిస్తే గ్రీవెన్స్, అంటే లిఖితపూర్వక ఫిర్యాదు, వేస్తారు, అది కంపెనీ చేతిలో ఆగిపోకుండా చివరికి తటస్థ మధ్యవర్తి దాకా వెళ్తుంది. ఒప్పందం రావడానికి టైం పడుతుందన్నాను కదా, అంతవరకు ఇదంతా అమల్లో ఉండదు. అయినా పెద్ద యూనియన్ అయితే గెలిచాక లాయర్‌కో, మెడికల్ సర్టిఫికెట్ సమస్య వస్తే ఆ విషయం తెలిసిన డాక్టర్‌కో కంపెనీకి తెలియకుండా ఫోన్ చేసి అడిగే దారి ఉంటుంది. మీవాడి వయసులో అసలు ఆస్తి ఇదే. తప్పు చేసినవాణ్ణి కూడా యూనియన్ వెనకేసుకొస్తుందని కంపెనీ మెయిల్లో రాసే ఉంటారు, కొన్నిసార్లు అదీ జరుగుతుంది.

రోస్టర్ సంగతి కూడా అంతే. నాలుగు రోజుల ట్రిప్ అయిపోయి సాయంత్రం బేస్‌లో దిగి, బ్యాగు సర్దుకుంటుంటే షెడ్యూలింగ్ వాళ్ల ఫోన్, ఇంకో లెగ్ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫ్లైట్) ఉంది, వెళ్లాలి, రాత్రి అక్కడే, రేపటి సెలవు పోయింది. ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి, డ్యూటీకి ముందు కనీసం పది గంటల విశ్రాంతి, 28 రోజుల్లో 100 గంటలకు మించి ఎగరకూడదు వగైరా. కానీ అవి ప్రాణాలు కాపాడే హద్దులు, మనిషి బతుకు కోసం పెట్టినవి కావు. ఆ హద్దుల లోపల సెలవు రోజున పిలిస్తే ఎంత ఇవ్వాలి, నెలలో ఎన్నిసార్లు పిలవొచ్చు, ముందు ఎవరిని పిలవాలి, ఇవన్నీ ఒప్పందంలో రాసుకునేవి. యూనియన్ లేకపోతే ఇవి కంపెనీ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, ఆ పుస్తకాన్ని కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

అలాగని యూనియన్ వస్తే అంతా సుఖమే అనుకోకండి. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిసినప్పుడు రెండు వైపుల పైలట్లూ ఆల్పాలోనే ఉన్నారు, అయినా సీనియారిటీ లిస్టు ఎలా కలపాలన్న దగ్గర కొట్టుకున్నారు. మధ్యవర్తి తీర్పు నచ్చని వర్గం 2008లో ఆల్పానే ఓడించి కొత్త యూనియన్ పెట్టుకుంది, ఆ గొడవ ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. ఇంకో చిక్కు రీజినల్ వాళ్లకే ప్రత్యేకం. పెద్ద ఎయిర్‌లైన్ల ఒప్పందాల్లో స్కోప్ అనే క్లాజు ఉంటుంది, రీజినల్ విమానాల సీట్లు 76కి మించకూడదు లాంటివి. దాన్ని పట్టుబట్టి పెట్టించేది పెద్ద ఎయిర్‌లైన్ పైలట్లు, వాళ్లదీ చాలాచోట్ల ఆల్పానే. రీజినల్‌లోనే రిటైరవ్వాలనుకునే కెప్టెన్‌కి ఇది మింగుడుపడదు. మీవాడికి మాత్రం అదే మేలు, పెద్ద విమానాల ఉద్యోగాలు పెద్ద కంపెనీలోనే ఉంటే రేపు అక్కడికి వెళ్లేది వాడే కదా.

సమ్మె భయం ఉంటే అది తీసెయ్యండి. ఈ చట్టం కింద సమ్మె చెయ్యడం మహా కష్టం. బోర్డు మధ్యవర్తిత్వం చేసి, ఇక కుదరదని వదిలేసి, ఆ పైన 30 రోజులు గడిస్తే గానీ కుదరదు, అప్పుడు కూడా అధ్యక్షుడు అడ్డుపడొచ్చు. జరగవని కాదు, 2001లో కొమెయిర్ అనే రీజినల్ పైలట్లు 89 రోజులు చేశారు, 2010లో స్పిరిట్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఐదు రోజులు. 1981లో అధ్యక్షుడు రీగన్ సమ్మె చేసినందుకు పదకొండు వేల మందికి పైగా తీసేశాడని ఎవరైనా భయపెడితే, వాళ్లు పైలట్లు కాదు, ప్రభుత్వ ఉద్యోగులైన ఏటీసీ కంట్రోలర్లు, వాళ్లకు సమ్మె హక్కే లేదు.

ఓటు వేసే ముందు వాడు ఒకటి కనుక్కోవాలి, బేరానికి కూర్చునే కమిటీలో ఫస్ట్ ఆఫీసర్లు ఉంటారా అని. అందరూ ఇరవై ఏళ్ల సర్వీసు కెప్టెన్లే అయితే రిజర్వ్‌లో, అంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లడానికి సిద్ధంగా, పడి ఉండే కుర్రాళ్ల మాట ఆఖరికి పోతుంది. అలాంటప్పుడు ఓటు మార్చుకోమనను, వాణ్ణే కమిటీకి నిలబడమంటాను.

చివరగా, ఈ చర్చ కంపెనీ మెయిల్లో వద్దు, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరినీ తిట్టొద్దు. కెప్టెన్ పక్క సీట్లోంచి 'ఎటు వేస్తున్నావ్' అని అడిగితే ఇంకా చదువుతున్నాను అంటే చాలు. విమానం పదివేల అడుగుల కంటే కింద ఉన్నప్పుడు అడిగితే ఆ మాత్రం కూడా చెప్పక్కర్లేదు, అక్కడ ఫ్లైట్‌కి సంబంధం లేని కబుర్లు ఆడకూడదని రూలే ఉంది.