‘ఆయన వచ్చాక చూద్దాం’ అనకండి

ఆస్ట్రేలియా నుంచి డాలస్ వచ్చి మూడు నెలలైందని, అత్తగారి ఆపరేషన్ కోసం మీవారు హైదరాబాద్ వెళ్ళారని, తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టొచ్చని, నాలుగేళ్ళ పాపతో మీరొక్కరే ఉన్నారని రాశారు. మీవారిది ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్, మీది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. ఆయన లేకుండా నేను ఇక్కడ ఉండొచ్చా, ఉద్యోగం చేసుకోవచ్చా, ఈ రోజులు ఎలా గడపాలి అని అడిగారు. మీకు అసలు బెంగ ఆ చివరి ప్రశ్నేనని చదవగానే అర్థమైంది చెల్లెమ్మా. అయినా ముందు కాగితాల సంగతి చెప్తాను. అది తేలితే సగం టెన్షన్ తగ్గుతుంది.

మీ ఇంటి చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామంది హెచ్1బి, హెచ్4 మీద ఉన్నవాళ్ళే. వాళ్ళు ప్రేమగానే సలహాలిస్తారు, కానీ అవన్నీ మీకు వర్తించవు. మీవారిది ఇ-3 అనే ఉద్యోగ వీసా. ఆస్ట్రేలియాతో అమెరికా చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియా పౌరుల కోసమే ఈ వీసా పెట్టారు. ఏడాదికి 10,500 మందికి ఇవ్వొచ్చు, లాటరీ లేదు. రెండేళ్ళకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. భార్యాపిల్లలు ఏ దేశం వాళ్ళయినా పర్వాలేదు, ఆ లెక్కలోకి రారు. కాబట్టి మీ ఇండియా పాస్‌పోర్ట్ వల్ల ఇక్కడ మీకొచ్చే ఇబ్బంది లేదు.

మీరు ఇక్కడ ఉండొచ్చు. ఆయన ఉద్యోగం కొనసాగుతున్నంతవరకు, ఆయన కొన్ని వారాలు ఊరెళ్ళారని మీ స్టేటస్, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోదు. కాకపోతే ఆయన సెలవు మీద ఉన్నారో, అక్కడినుంచే పని చేస్తున్నారో కంపెనీ అనుమతి మెయిల్ రూపంలో ఉండాలి. ‘మేనేజర్‌కి చెప్పాను’ అంటే సరిపోదు. ఆరు వారాలు పన్నెండయ్యేట్టు ఉంటే కంపెనీ లాయర్‌తో ఒకసారి మాట్లాడమనండి.

ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. మా రోజుల్లో వర్క్ పర్మిట్ కార్డు కోసం దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఆగాం. 2021 నవంబరులో ఆ పద్ధతి మారింది. ఇప్పుడు ఇ-3 వారి జీవిత భాగస్వామికి ఆ స్టేటస్‌తోనే పని చేసే హక్కు ఉంటుంది. మీ పాస్‌పోర్ట్‌లో వీసా మీద ఇ3డి అని ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడకండి. చూడాల్సింది ఐ-94, అంటే మీరు ఏ స్టేటస్‌తో, ఏ తేదీ దాకా అమెరికాలో ఉండొచ్చో చెప్పే రికార్డు. అందులో ఇ-3ఎస్ అని ఉండాలి. 2022 జనవరి నెలాఖరు నుంచి భార్యాభర్తలకు ఈ గుర్తు వేస్తున్నారు. ఇవాళే ఆన్‌లైన్లో మీ ఐ-94 తీసి చూడండి. పొరపాటున ఇ-3డి అని పడి ఉంటే ఎయిర్‌పోర్టులో సరిదిద్దే ఆఫీసు ఉంటుంది, మీ పెళ్ళి సర్టిఫికెట్ పట్టుకుని మీరే వెళ్ళొచ్చు. సరిగ్గా ఉంటే ఆ కాగితంతోనే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి వెళ్ళండి. దీనికి మీవారు పక్కన ఉండక్కర్లేదు.

ఆయన వచ్చేదాకా ఎందుకు ఆగొద్దంటున్నానో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

మాది తెనాలి. సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్‌లో చాలా ఏళ్ళు ఉండి, 2017 ఏప్రిల్లో డాలస్ వచ్చాం. సిడ్నీలో నేను రోజూ కారు నడిపేదాన్ని. ఇక్కడ కుడివైపు నడపాలనేసరికి భయం వేసింది. ‘మీకు తీరిక దొరికాక నేర్పించండి’ అన్నాను మావారితో. అలా దాదాపు రెండేళ్ళు గడిచిపోయాయి. 2019 జనవరిలో మామగారికి గుండె ఆపరేషన్ అని ఫోన్ వచ్చింది. మూడు వారాల్లో వస్తానని ఆయన వెళ్ళారు. మామగారు కోలుకోవడం ఆలస్యమైంది. ఈలోగా ఫిబ్రవరిలో ఆయన వీసా గడువు అయిపోయింది. ఇక కొత్త వీసా తీసుకోవాలంటే అక్కడినుంచి సిడ్నీ వెళ్ళాలి. మూడు వారాలు కాస్తా తొమ్మిదయ్యాయి.

ఆయన తెనాలిలో ఉండగా ఒక రాత్రి పాపకి ఒళ్ళు కాలిపోయింది. థర్మామీటర్ 102.6 చూపించింది. అన్నేళ్ళూ సెల్సియస్‌లో చూసిన కళ్ళు, 39 దాటిందా లేదా అని లెక్క కట్టడానికే చేతులు వణికాయి. సిడ్నీ నుంచి తెచ్చుకున్న పనడాల్ సిరప్ పట్టాను. గంటైనా తగ్గలేదు. కింది ఫ్లాట్ ఆంటీ తలుపు తట్టి టైలినాల్ సీసా ఇచ్చారు. మూత తీశాక ఎందుకో రెండు సీసాలూ లైటు కింద పెట్టి చదివాను. ఒకదాని మీద పారాసిటమాల్, రెండోదాని మీద ఎసిటమినోఫెన్. ఫార్మసీకి ఫోన్ చేస్తే, రెండూ ఒకటే మందు, ఇప్పుడు పట్టొద్దు అన్నారు. పేరు వేరు కదా అని పట్టి ఉంటే పాపకి గంట తేడాలో రెండు డోసులు పడేవి. ఇది మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఇండియా నుంచో ఆస్ట్రేలియా నుంచో తెచ్చుకున్న ప్రతి సీసా మీద ఇక్కడి పేరు పెన్నుతో రాసి అంటించండి.

అర్జెంట్ కేర్, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళే క్లినిక్, మూడు మైళ్ళ దూరం. కారు కిందే ఉంది, తాళం గోడకి వేలాడుతోంది, నాకు మాత్రం లైసెన్స్ లేదు. ఆంటీ తీసుకెళ్ళారు. కౌంటర్లో ఇన్సూరెన్స్ కార్డు అడిగారు. ఆ కార్డు మావారి పర్సులో ఉంది, పర్సు తెనాలి ఆస్పత్రిలో ఉంది. అక్కడ ఉదయం తొమ్మిదైనట్టుంది. ఆయన రౌండ్స్‌కొచ్చిన డాక్టర్‌తో మాట్లాడుతున్నారు, ఫోన్ ఎత్తలేదు. ఇరవై నిమిషాలు పాపని భుజాన వేసుకుని ఆ కౌంటర్ ముందే నిలబడ్డాను. తర్వాత వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పాపకి చెవిలో ఇన్ఫెక్షన్, మందిచ్చారు, తెల్లారేసరికి తగ్గింది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. ‘ఆయన వచ్చాక చూద్దాం’ అని నేను పక్కన పెట్టిన పనులన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి.

మర్నాడు కాగితం మీద రాసుకుని మొదలుపెట్టాను, మీరూ మొదలుపెట్టండి. ఇన్సూరెన్స్ కార్డు మీ పేరుతో ఇంకోటి తెప్పించండి, రెండు వైపులా ఫొటో మీ ఫోన్లో ఉండాలి. ఏ డాక్టరు మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నారో, దగ్గర్లో ఏ అర్జెంట్ కేర్ ఉందో పాపకి బాగున్నప్పుడే చూసిపెట్టుకోండి. ప్రాణం మీదకొస్తే ఇక్కడ 911కి ఫోన్ చెయ్యాలి, మన వేళ్ళు ఆస్ట్రేలియా అలవాటుగా 000 నొక్కబోతాయి. ఇంటి అద్దె, కరెంటు ఖాతాల్లో మీ పేరు కూడా చేర్చమనండి. నా పేరు లేదని కరెంటు కంపెనీవాళ్ళు బిల్లు ఎంతో కూడా చెప్పలేదు. బ్యాంకులో ఉమ్మడి ఖాతా ఉన్నా మీ పేరు మీద చిన్న క్రెడిట్ కార్డు తీసుకోండి. సిడ్నీలో పదేళ్ళు ఎంత చక్కగా బిల్లులు కట్టినా ఇక్కడ ఆ చరిత్ర లెక్కలోకి రాదు, మళ్ళీ మొదటి నుంచే.

లైసెన్స్ సంగతి. టెక్సస్‌లో కొత్తగా వచ్చినవాళ్ళు పాత దేశం లైసెన్స్‌తో 90 రోజులే నడపొచ్చు. మీకు మూడు నెలలైంది అన్నారు కాబట్టి ముందు తేదీ చూసుకోండి, గడువు దాటితే నడపకండి. మా ఆంటీ నన్ను ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న గుడి పార్కింగ్‌లో తిప్పారు. మొదటి వారమంతా సిగ్నల్ వెయ్యబోతే వైపర్లు ఆడాయి. ఎడమ మలుపు తిరిగినప్పుడే జాగ్రత్త, చెయ్యి పాత అలవాటున పాత వైపుకే లాగుతుంది. పది రోజుల్లో చెయ్యి అలవాటు పడింది, టెస్ట్ పాసయ్యాను.

పాప వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్ళాలంటే సెప్టెంబరు 1 నాటికి అయిదు నిండాలి. ఆస్ట్రేలియాలో టీకాలన్నీ వేయించాం కదా అని ఊరుకోకండి. అక్కడ మామూలుగా పిల్లలందరికీ వెయ్యని హెపటైటిస్-ఎ ఇక్కడ రెండు డోసులు కావాలి. ఆటలమ్మ టీకా అక్కడ ఒకటి, టెక్సస్ బడిలో రెండు అడుగుతారు. హెపటైటిస్ డోసుల మధ్య నెలల వ్యవధి ఉండాలి కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. బడిలో పాపని ఇంటికి తీసుకెళ్ళగలిగేవాళ్ళ జాబితాలో మీతో పాటు నమ్మకమైన ఇంకొకరి పేరు కూడా ఇవ్వండి. మీకే జ్వరం వస్తే ఎలా?

ఇంటి సంగతులు కొన్ని. సిడ్నీలో మన మిక్సీ ప్లగ్గు మారిస్తే తిరిగేది, అక్కడా ఇండియాలాగే 230 వోల్టులు. ఇక్కడ 120. ఆ మిక్సీ మూలుగుతుంది గానీ పప్పు నలగదు. ట్రాన్స్‌ఫార్మర్ కొని తిప్పలు పడేకంటే ఇండియన్ షాపులో 110 వోల్టుల మిక్సీ కొనుక్కోండి. ఒవెన్‌లో 180 సెల్సియస్ అంటే ఇక్కడ 350 ఫారెన్‌హీట్. నీళ్ళు గడ్డకట్టే చలి వస్తుందని హెచ్చరిక వస్తే రాత్రి కొళాయిలు సన్నగా కారేట్టు వదిలెయ్యండి, పైపులు పగలకుండా. ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి డాలస్‌లో టోర్నడో సైరన్లు పరీక్షిస్తారు. తెలియక మొదటిసారి నేను పాపని ఎత్తుకుని బాత్రూములోకి పరిగెత్తాను. మీరలా బెదిరిపోకూడదని చెప్తున్నాను.

ఇక మీవారి తిరుగు ప్రయాణం. ఆయన వీసా ఎప్పటిదాకా ఉందో ఇవాళే అడగండి. ఉంటే గొడవ లేదు. అయిపోయేట్టుంటే హైదరాబాద్‌లోనే వేయించుకుంటానని అనుకోవద్దని చెప్పండి. 2025 సెప్టెంబరు నుంచి ఎవరైనా తమ పౌరసత్వ దేశంలోనో, నివాసం ఉండే దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలన్నారు. ఆయన ఆస్ట్రేలియా పౌరుడు, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఇండియా పౌరుడు కాదు. కాబట్టి సిడ్నీయో, మెల్‌బోర్నో, పెర్తో వెళ్ళాలి. కంపెనీ ముందుగా లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎల్‌సీఏ అనే ఆమోదపత్రం తెప్పించాలి, దానికే ఏడు పనిదినాలు. ఇంకొకటి. మీరు ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాసి) అయితే దాని ప్రయాణ అనుమతి అయిదేళ్ళే. ఆ తేదీ దాటాక వెళ్ళాలంటే రిటర్న్ వీసా కావాలి. అమెరికా హడావుడిలో అది మర్చిపోయినవాళ్ళని చూశాను.

ఫోన్ల గురించి ఒక మాట. చలికాలంలో మనకూ ఇండియాకూ పదకొండున్నర గంటల తేడా. మనకి రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడ ఉదయం ఎనిమిది. మేము రోజూ అదే వేళకి పెట్టుకున్నాం, పాప అన్నం తింటూ నాన్నతో మాట్లాడేది. ఆయన సిడ్నీ వెళ్ళాక పదిహేడు గంటల తేడా, మార్చిలో ఇక్కడ గడియారం మార్చగానే పదహారైంది. ఆ రోజు ఆయన గంట ఆలస్యంగా చేశారు, కాల్ పోయింది, పాప ఏడ్చింది. తర్వాత పాప చేత గోడ మీద రెండు గడియారాలు గీయించాను, ఒకటి నాన్నది. ఇక ‘నాన్న ఎప్పుడొస్తాడు’ అని కాకుండా ‘నాన్న ఇప్పుడు పడుకున్నాడా’ అని అడిగేది.

సాయంత్రాలే కష్టం, నాకు తెలుసు. పాప పడుకున్నాక ఇల్లు బావురుమంటుంది. ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్ళు నెలనెలా పెట్టే సాహిత్య సభకి వెళ్ళండి, శనివారం గుడికి వెళ్ళండి, పాపని తెలుగు నేర్పే మనబడిలో వెయ్యండి. అక్కడ కూర్చున్న తల్లుల్లో మీలాంటివాళ్ళు ఇద్దరుంటారు. భోజనానికి రమ్మంటే మొహమాటపడకండి. ఆంటీ ఇంట్లో నేను ఎన్ని రాత్రులు పప్పన్నం తిన్నానో లెక్కలేదు.

మార్చి మూడో వారంలో మావారి విమానం వచ్చింది. సిడ్నీ నుంచి ఒకటే విమానం, పదిహేను గంటలు. ఆయనకి చెప్పకుండా నేనే కారు తీసుకుని డి టెర్మినల్‌కి వెళ్ళాను. ఆయన పెట్టెలు డిక్కీలో పెట్టి, అక్కడి అలవాటు కొద్దీ ముందు ఎడమ తలుపు తీశారు. స్టీరింగ్ ముందు నేనున్నాను. ఒక్క క్షణం తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ‘అటు వైపండీ’ అన్నాను.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఆ రాత్రే ఐ-94లు తీసి చూశాం. ఆయనకి కొత్తగా రెండేళ్ళు వచ్చింది. నాదీ పాపదీ పాత తేదీయే, ఏప్రిల్లో అయిపోతోంది, నెల కూడా లేదు. ఆయనకి పెరిగిందని మనకి దానంతటది పెరగదు. ఆయన నిద్రకి తూగుతుంటే నేను కూర్చుని గడువు పొడిగించమనే దరఖాస్తు ఐ-539 నింపాను, పాప పేరు కూడా అందులోనే చేర్చి. మీ తేదీలు కూడా చూసి నాకు రాయండి.