విషపు సాలీడు అని రాసేముందు

అమ్మాయీ,

నీ కథ చదివాను. బామ్మ, మందార చెట్టు, చీపురు, అన్నీ బాగా కుదిరాయి. మూడో పేజీలో 'విషపు సాలీడు' దగ్గర ఆగిపోయాను. ఏ సాలీడమ్మా అది?

నువ్వే రాశావు: పొట్ట మీద పసుపు చారలు, గూటి నడుమ తలకిందులుగా కూర్చుంది, కాళ్లు ఇంటూ గుర్తులా చాచింది, పక్కనే తెల్లటి వంకీల గీత. ఆ గీత పట్టుతో అల్లినది. దాన్ని చూసే ఇంగ్లీషులో దీనికి సిగ్నేచర్ స్పైడర్ అని పేరు పెట్టారు, సంతకం చేసే సాలీడన్నమాట. శాస్త్రంలో ఆర్జియోపి. ఆ సంతకం ఎందుకో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు: పురుగుల్ని రప్పించడానికని కొందరు, పిట్టలు గూట్లోకి దూసుకురాకుండా అని కొందరు.

విషం దాదాపు అన్ని సాలీళ్లకూ ఉంటుంది, కానీ అది ఈగలకూ మిడతలకూ. దీనివల్ల మనిషికి ప్రమాదం లేదు. చేత్తో నలిపితే తప్ప కరవదు. గూడు తాకితే ఊగుతుంది, లేదా కిందికి జారిపోతుంది. నీ కథలో అది బామ్మ మీదికి దూకింది! గూట్లో కూర్చుని కాచుకునే జీవి అలా వెంటపడదు.

ముందు గూడు చూడు. బండి చక్రానికి ఆకుల్లా దారాలు, వాటి మీద చుట్లు చుట్లుగా జిగురు దారం ఉంటే అది గుండ్రటి గూళ్లల్లే జాతి. ఇంటి మూలల్లో చిందరవందరగా ఉండేది వేరే వాళ్ల పని. అరకు వైపు అడవుల్లో అరచేయంత ఆడ సాలీడు బంగారు రంగు దారంతో పెద్ద గూడు కడుతుంది. అదీ మనిషిని ఏమీ చేయదు. దాని మగాడు ఆమె పక్కన చీమంత.

ఇంకోటి. ఆ గూడు నెల్లాళ్లు చెక్కుచెదరలేదన్నావు. ఈ జాతివి పాత దారాన్ని తినేసి మళ్లీ అల్లుకుంటాయి. కొన్నయితే రాత్రి అల్లి తెల్లారేసరికి మింగేస్తాయి. ఈ సంగతి నీ బామ్మకు తెలిసి ఉంటే కథ ఎటు పోయేదో!

నిన్నంటున్నాను గానీ, నా మొదటి వ్యాసంలో ఇదే సాలీడుకు నాలుగు కాళ్లని రాశాను. రెండేసి కాళ్లు జత చేసి చాస్తుంది కదా, దూరం నుంచి నాలుగే అనిపిస్తాయి. సంపాదకుడు వ్యాసం తిప్పి పంపుతూ అంచున ఒక్క ముక్క రాశాడు: 'దగ్గరికెళ్లి లెక్కపెట్టు.' వారం రోజులు ఉడికిపోయాను. తర్వాత వెళ్లి లెక్కపెట్టాను. ఎనిమిది.

అందుకే 'విషపు', 'భయంకరమైన' లాంటి మాటలు ప్రస్తుతానికి కొట్టెయ్. శ్రీకాళహస్తి పేరులో 'శ్రీ' అంటే సాలీడేనని మీ బామ్మలాంటి వాళ్లకు తెలుసు. ఆమె చీపురు ఎత్తుతుందో, దించుతుందో కూడా ఆలోచించు.

రేపు పొద్దున్నే మందార దగ్గరికి వెళ్లు. తాకకుండా వీపు వైపు ఒకటి, పొట్ట వైపు ఒకటి ఫోటో తీసి పంపు. మూడో పేజీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు