డీఎస్సీకి చదవాలన్న కసి వారానికే చల్లారిపోతోంది, ఎలా నిలబెట్టుకోవాలి?

మీరు ఆక్వా ప్లాంటులో షిఫ్టు పని చేస్తూ డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్షకు, చదువుతున్నానన్నారు. మోటివేషన్ వీడియో చూసిన రోజు అర్ధరాత్రి దాకా చదువుతున్నారు, వారం తిరక్కుండానే పుస్తకం ముట్టబుద్ధి కావడం లేదు. ఆ ఊపు ఎలా నిలబెట్టుకోవాలని అడిగారు. నిలబెట్టుకోనక్కర్లేదండీ. ఊపు లేని రోజున కూడా చదువు సాగేలా ఏర్పాటు చేసుకోండి చాలు. నేను కోనసీమలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, చంటిబిడ్డను పెంచుకుంటూ అలాగే చదివాను. 2025 డీఎస్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) ఉద్యోగం వచ్చింది.

ఈ పరీక్షకు ఉత్సాహాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో మా చుట్టుపక్కలే చూశాను. 2018 డీఎస్సీ తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూపే. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి, తర్వాత రద్దయింది. చివరికి 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది, జూన్ 6 నుంచే పరీక్షలు. కబురు వచ్చినప్పుడల్లా పుస్తకాలు తీసి, అది ఉత్తదని తేలగానే అటకెక్కించినవాళ్లు ఎంతమందో. వాళ్లలో నాకంటే చురుకైనవాళ్లు ఉన్నారు, అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కంటెంటు, మెథడాలజీ, సైకాలజీ, జీకే కలిపి 160 ప్రశ్నల పేపరుకు నెలన్నరలో మొదటి నుంచి చదవడం ఎవరి తరం?

మా పుట్టింటివాళ్లది కాలవ కింద సేద్యం. దాళ్వాలో, అంటే రెండో పంటకు, గోదావరిలో నీళ్లు తగ్గితే కాలవలకు వంతులవారీగా వదులుతారు. వంతు అర్ధరాత్రి వచ్చినా నాన్న పార భుజాన వేసుకుని చేలోకి వెళ్లేవారు. వెళ్లాలని ఉందా లేదా అన్న ఆలోచనే ఆయనకు ఉండేది కాదు. చదువుకూ అలాంటి వంతు ఒకటి పెట్టుకున్నాను.

తెల్లవారుజామున వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, కాఫీ గ్లాసు పట్టుకుని నేరుగా వసారాలో బల్ల దగ్గరికి వెళ్లేదాన్ని. మధ్యలో ఇంకో పని పెట్టుకోలేదు. అలారం అయితే నొక్కేసి పడుకోవచ్చు. వాకిలి మాత్రం పండగైనా, ఒంట్లో నలతగా ఉన్నా ఊడ్వక తప్పదు కదా, అందుకే చదువును దానికి ముడిపెట్టాను. పుస్తకం రాత్రే తెరిచి, మొదలుపెట్టాల్సిన చోట పెన్ను పెట్టి ఉంచేదాన్ని. పొద్దున్నే లేచి ఇవాళ సైన్సా, సోషలా అనుకుంటూ కూర్చుంటే పావుగంట పోతుంది, ఆ పావుగంటలోనే మానేయడానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఫోను వంటింట్లోనే చార్జింగులో ఉండేది. ఆ గంటసేపు బాబు లేస్తే చూసుకోమని అత్తయ్యగారితో ముందే చెప్పుకున్నాను. ఆవిడ ఒప్పుకోకపోతే ఇదంతా జరిగేది కాదు. క్రమశిక్షణ అంటే ఒక్కరమే పళ్లు బిగించి చేసే పని అనుకుంటారు గానీ, ఇంట్లోవాళ్ల సాయం లేనిదే ఆడవాళ్లకు ఆ గంట దొరకదు.

బాబుకు జ్వరం వచ్చినా, చుట్టాలు దిగినా, కరెంటు పోయినా పది బిట్లు (చిన్న ప్రశ్నలు) చేసి లేచిపోయేదాన్ని. ఆ పది బిట్లతో మార్కులు పెరుగుతాయని కాదు, బల్ల దగ్గర కూర్చునే అలవాటు తెగిపోకుండా ఉంటుందని.

21 రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందని వీడియోల్లో చెబుతుంటారు. దాన్ని నమ్మి ఇరవై రెండో రోజు కష్టంగా ఉంటే తమలోనే లోపం ఉందనుకుంటారు పాపం. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో, ఒక చిన్న పని అలవాటుగా మారడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాదని కూడా అందులోనే తేలింది. మా అత్తవారిది గోదావరి పాయల మధ్య ఉండే లంక ఊరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు సామాన్లు అటక మీద పెట్టి పునరావాస కేంద్రానికి వెళ్లిపోయాం. అప్పుడు ఇంక చదువు మాటే లేదు. నీళ్లు తగ్గి, ఇల్లు కడుక్కున్నాక పోయిన పాఠాలన్నీ ఒక్కసారే లాగేద్దామని చూడలేదు. మళ్లీ ముగ్గు, కాఫీ, పది బిట్లు. అక్కడి నుంచి మెల్లగా గంటకు వచ్చాను.

అలాగని ఊపు పనికిరాదని అనను. అది వచ్చిన రోజున అర్ధరాత్రి దాకా చదివే బదులు ఏర్పాట్లు చూసుకోండి. స్కూలు పాఠ్యపుస్తకాలు సంపాదించండి, సిలబస్‌ను రోజుకింత అని ముక్కలు చేయండి, కూర్చునే చోటు సర్దుకోండి, ఇంట్లో వాళ్లతో మాట్లాడండి. ఆ తర్వాత ఊపు పోయినా నష్టం లేదు.

మీకు షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి ఫలానా గంటకు అని పెట్టుకుంటే కుదరదు. ఏ షిఫ్టయినా ఇంటికొచ్చి స్నానం చేస్తారు కదా, స్నానం అయ్యాక అన్నానికి ముందు కూర్చోండి. నైట్ షిఫ్టు చేసి వచ్చినప్పుడు పది బిట్లు చూసి పడుకోండి, కళ్లు మూతపడుతుంటే చదివింది ఎలాగూ ఎక్కదు. పగటి షిఫ్టు ఉన్న వారంలో గంట, గంటన్నర చదవొచ్చు. సైకాలజీతో మొదలుపెడితే మంచిది, అది టెట్‌కూ (టీచరు అర్హత పరీక్ష) డీఎస్సీకీ రెండింటికీ పనికొస్తుంది. డీఎస్సీ ఎంపికలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కదా, మీకు టెట్‌లో ఎంత వచ్చిందో రాస్తే మళ్లీ టెట్ రాయాలో వద్దో కూడా చెబుతాను.