ఫస్టియర్ ప్రశ్నలు: లేపేవాళ్లు లేని చదువు

ప్రశ్న: ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. తెల్లవారుజామున అయిదింటికే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవారు. ఇప్పుడు కూకట్‌పల్లి హాస్టల్‌లో ఉండి బీటెక్ చదువుతున్నాను. చదివావా అని అడిగే దిక్కు లేదు. ఎం-1 (మొదటి లెక్కల పేపర్) మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, 30కి 11 వచ్చాయి. ఇంటర్‌లో లెక్కల్లో మంచి మార్కులే వచ్చేవి. నాకేమైంది?
– ఒక విద్యార్థి, మహబూబాబాద్

జవాబు: మీ బుర్రకేమీ కాలేదు. ఇంటర్‌లో వారం వారం టెస్టు ఉండేది. రాని లెక్క ఏదో ఆ వారమే బయటపడేది. బీటెక్‌లో సెమిస్టర్‌కి రెండే మిడ్‌లు. అర్థం కానిది రెండు నెలలు అలాగే నోట్‌బుక్‌లో దాక్కుంటుంది. కాబట్టి ఆ వారం టెస్టు మీరే పెట్టుకోవాలి. పద్ధతి ఇది: క్లాసులో చేసిన లెక్కను ఆ సాయంత్రమే నోట్‌బుక్ మూసి తెల్లకాగితం మీద మళ్లీ చెయ్యండి. ఎక్కడ ఆగిపోయారో ఆ లైన్ పక్కన గుర్తు పెట్టండి. మర్నాడు సార్‌ని ఆ ఒక్క లైనే అడగండి. ‘ఈ చాప్టర్ అర్థం కాలేదు సార్’ అంటే ఆయన మాత్రం ఎక్కడ మొదలుపెడతారు? శనివారం ఆ వారం గుర్తులన్నీ తీసి, అవే లెక్కలు గంటలో పూర్తి చెయ్యండి.

దీనికి రోజుకి 40, 50 నిమిషాలు చాలు. హాస్టల్ గదికి వచ్చాక చేద్దాం అనుకుంటే మాత్రం జరగదు. నలుగురున్న గదిలో ఎనిమిదింటికి ఒకరు ఫోన్ మాట్లాడతారు, ఇంకొకరు మ్యాచ్ పెడతారు. క్లాసులు అయిపోగానే బస్సెక్కకుండా కాలేజీ లైబ్రరీలోనే ముగించండి.

మార్కుల సంగతీ చూసుకోండి. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) 2022లో తెచ్చిన ఆర్22 రెగ్యులేషన్‌లో, అంటే చదువు, పరీక్షల నియమాల్లో, థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్స్ (కాలేజీలోనే వేసే మార్కులు) 40, సెమిస్టర్ పరీక్ష 60. ఇంటర్నల్స్‌లో 30 మిడ్‌లవి, అదీ రెండింటి సగటు. రెండో మిడ్‌లో 25 తెచ్చుకుంటే మీ సగటు 18కి చేరుతుంది. మునిగిపోయిందేమీ లేదు. అటానమస్ కాలేజీల (సొంతంగా పరీక్షలు పెట్టుకునేవి) లెక్క వేరుగా ఉండొచ్చు, మీ సిలబస్ పుస్తకంలో రెగ్యులేషన్ పేజీలు ఒకసారి చదవండి. చాలామంది అవి నాలుగేళ్లూ తెరవరు.

మీరు అడగకపోయినా ఇంకొకటి. ల్యాబ్‌లో అబ్జర్వేషన్ బుక్ మీద ఆ రోజే సంతకం పెట్టించుకోండి. ఆరేడు ప్రయోగాలు పేరుకుపోతే చివరి వారంలో పక్కవాడి రికార్డు చూసి ఎక్కించడమే మిగులుతుంది. సీ అనే కంప్యూటర్ భాషలో రాసే ప్రోగ్రామ్‌ని అలా ఎక్కిస్తే మరీ నష్టం. సెమీకోలన్ మర్చిపోయి ఎర్రర్ వచ్చినప్పుడే ఆ భాష మీకు పట్టుబడుతుంది, రికార్డులో రాసిన ప్రోగ్రామ్‌కి ఎర్రర్ రాదు.

ప్రశ్న: జ్వరం వల్ల కొన్నాళ్లు, బద్ధకం వల్ల కొన్నాళ్లు కాలేజీకి వెళ్లలేదు. అటెండెన్స్ 62 శాతం ఉంది. ఇప్పటినుంచి రోజూ వెళ్తే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, ఎల్బీ నగర్

జవాబు: లెక్క వేసి చూద్దాం. ఇప్పటికి 200 క్లాసులు జరిగితే మీరు 124కి వెళ్లారు. ఉండాల్సిన 75 శాతానికి 150 కావాలి, అంటే 26 తక్కువ. దాన్ని నాలుగుతో హెచ్చించండి: 104. ఒక్కటీ మానకుండా వరసగా 104 క్లాసులకి వెళ్తే సరిగ్గా 75 దగ్గర నిలబడతారు. రోజుకి ఆరు క్లాసులైతే 18 పనిదినాలు. నాలుగుతో ఎందుకంటే, మీరు వెళ్తున్న కొద్దీ జరిగిన క్లాసుల సంఖ్య కూడా పెరుగుతూ ఉంటుంది. ‘26 క్లాసులేగా’ అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

జేఎన్‌టీయూహెచ్‌లో అన్ని సబ్జెక్టులూ కలిపి 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపి, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) అడగొచ్చు. 65 లోపైతే ఆ అవకాశం లేదు, డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. జ్వరం నాటి డాక్టర్ చీటీ, రక్తపరీక్ష రిపోర్టు ఇప్పుడే వెతికి ఆఫీసులో ఇవ్వండి. సెమిస్టర్ చివర్లో తెచ్చిన సర్టిఫికెట్‌ని ఎవరైనా అనుమానంగానే చూస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉంటుంది. రోజూ ఫోన్‌లో ఏడుస్తుంది. ప్రతి శుక్రవారం రాత్రీ ఇంటికొచ్చేస్తుంది. మాన్పించి ఇక్కడే చేర్చమంటారా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, ఇప్పుడే మాన్పించకండి. ముందు నేరుగా అడగండి: సీనియర్లు ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా? అవునంటే ఎదురుచూడొద్దు. 1800-180-5522 యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్, ఎప్పుడైనా చెయ్యొచ్చు. కాలేజీకి రాతపూర్వకంగా కూడా ఇవ్వండి.

అలాంటిదేమీ లేక ఇంటిమీద బెంగే అయితే, రాకపోకలు రెండు వారాలకొకసారికి తగ్గించండి. హాస్టల్‌లో స్నేహాలు కుదిరేది ఆదివారమే. బట్టలుతుక్కుంటూ, మెస్సులో చికెన్ కోసం వరసలో నిలబడి, మధ్యాహ్నం కబుర్లు చెప్పుకుంటూ దగ్గరవుతారు. ప్రతి ఆదివారం మీ దగ్గరుంటే, సోమవారం మళ్లీ కొత్త మనిషిలాగే ఆ గదిలో అడుగుపెడుతుంది. ఫోన్ రాత్రి భోజనమయ్యాక ఒక్కసారి పెట్టుకోండి. ‘ఏడుస్తున్నావా?’ అని మొదలుపెట్టకండి, ఇవాళ ఎవరితో కలిసి తిన్నావని అడగండి.

రెండు వారాలు దాటినా సరిగా నిద్రపోకపోయినా, తినకపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా అది బెంగ అనుకోవద్దు. వెంటనే మీరు వెళ్లి ఆమె పక్కన ఉండండి. 14416 టెలీ మానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు కాదు.

ప్రశ్న: ఉప్పల్ నుంచి కూకట్‌పల్లి కాలేజీకి రోజూ వెళ్లిరావడం కష్టమా? హాస్టల్ తీసుకోమంటారా?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: ఒక నెల మెట్రోలో తిరిగి చూడండి. ఉప్పల్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మియాపూర్ వైపు రైలు మారాలి. స్టేషన్ నుంచి కాలేజీకి షేర్ ఆటో ఖర్చు, ఎదురుచూసే సమయం కూడా కలిపి రాసుకోండి. ఇంటికొచ్చాక పుస్తకం పట్టే ఓపిక వారంలో నాలుగు రోజులైనా మిగలకపోతే, అప్పుడు హాస్టల్ చూడండి. సంవత్సరానికి కాకుండా నెలకి అద్దె కట్టించుకునేదే ఎంచుకోండి.