సర్వర్ హార్డ్ డిస్కుల్లోని డేటాను మామూలు డెస్క్‌టాప్‌తో బయటికి తీయొచ్చా?

సర్వర్ పాడైనా డిస్కులు బాగుంటే తీయొచ్చు. ఊడదీసే ముందే ఏ డిస్కు ఏ స్లాటులో ఉందో దాని మీదే నంబరు రాసుకోండి.

తర్వాత కనెక్టర్ చూడండి. మామూలు డెస్క్‌టాప్‌లలో వాడే సాటా రకం డిస్కుకి డేటా, పవర్ భాగాల మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పూడిపోయి ఒకే పట్టీలా ఉంటే అది సర్వర్లలో వాడే ఎస్‌ఏఎస్ రకం. మదర్‌బోర్డు సాటా పోర్టుతో అది పనిచేయదు, ఎస్‌ఏఎస్ హెచ్‌బీఏ కార్డు (ఆ డిస్కుల్ని కంప్యూటర్‌కి కలిపే కార్డు) కావాలి.

అసలు ప్రమాదం విండోస్‌తోనే. రెయిడ్‌లోని (చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) డిస్కును గుర్తుపట్టలేక "ఇనిషియలైజ్ చేయాలా?" అని అడుగుతుంది. దయచేసి ఓకే నొక్కకండి, డిస్కు మొదట్లో కొత్త పార్టిషన్ టేబుల్ (డిస్కు భాగాల పట్టిక) రాసేస్తుంది! అందుకే లినక్స్ లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) వాడమంటాను. ముందు డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో ప్రతి డిస్కుకీ ఇమేజ్ (పూర్తి నకలు) తీసి, ప్రయోగాలన్నీ ఆ కాపీల మీదే చేయండి. మధ్యలో ఆగినా మ్యాప్ ఫైల్ (ఎంతవరకు కాపీ అయిందో అది రాసుకునే ఫైల్) ఉంటే ఆగినచోటి నుంచే కొనసాగుతుంది. డిస్కు టక్‌టక్‌మంటుంటే మాత్రం వెంటనే పవర్ తీసేసి రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి.

లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ఎండీఏడీఎం అనే కమాండ్‌తో రీడ్-ఓన్లీగా (ఏమీ రాయకుండా) అసెంబుల్ చేయండి, అంటే డిస్కుల్ని మళ్లీ ఒకటిగా కలపండి. 'క్రియేట్' ఆప్షన్ జోలికి అస్సలు పోవద్దు, పాత రెయిడ్ వివరాలు చెరిగిపోతాయి. హార్డ్‌వేర్ రెయిడ్ (డిస్కుల్ని ఒక కంట్రోలర్ కార్డే కలిపేది) అయితే అదే రకం కంట్రోలర్ కార్డు సంపాదించడం అన్నిటికంటే తేలిక.