తుఫాను గాలికి కొల్లేరు ఒక పక్కకు ఒరిగితే

ప్రశ్న: మాది విజయవాడ పాయకాపురం. కొల్లేరు పడమటి ఒడ్డున, మండవల్లి వైపు 8 ఎకరాల చెరువు లీజుకు తీసుకుని శీలావతి, బొచ్చె పెంచుతున్నాం. మొన్న తుఫాను రాత్రి వాన పెద్దగా లేదు కానీ తూర్పు గాలి దంచేసింది. పదకొండింటికి గట్టుకు రెండడుగుల కింద ఉన్న కొల్లేరు నీరు ఒంటిగంటకల్లా అడుగు పైనే పెరిగింది, అలలు గట్టు మీదికి ఎగిరిపడ్డాయి. ఎవరో గేట్లు ఎత్తేశారని ఊళ్లో ఒకటే గొడవ. ఆకివీడు వైపున్న మా బావమరిదికి ఫోన్ చేస్తే, అక్కడ నీరు వెనక్కి పోయి పడవలు బురదలో కూర్చున్నాయన్నాడు. మేం టెన్షన్ పట్టలేక చెరువులో బరువు తగ్గిద్దామని తూము తీశాం. లోపలి నీరు పోకపోగా కొల్లేరు నీరే లోపలికొచ్చింది. తెల్లారేసరికి అంతా దిగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం, గాలీ వానా లేనప్పుడు, గట్టు బయటివైపు కొంత మేర జారిపోయింది. చేపలు పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. బుడమేరు వరదప్పుడు కూడా ఇంత తొందరగా నీరు పెరగలేదు. ఏం జరిగింది, ఏం చేయాలి?

జవాబు: చేపలు నోళ్లు తెరుస్తున్నాయన్నారు కాబట్టి ముందు ఆ పని చూడండి. మేత పూర్తిగా ఆపేయండి. రాత్రి పది నుంచి పొద్దెక్కేదాకా ఏరేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) తిప్పండి. కరెంటు లేకపోతే డీజిల్ ఇంజనుతో చెరువు నీటినే తోడి మళ్లీ చెరువులోకే పైనుంచి చిమ్మించండి. గాలి అడుగు బురదను కెలికింది. మబ్బు పట్టడంతో నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయలేదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేప ఇబ్బంది పడుతుంది, అది తెల్లవారుజామునే బాగా తగ్గుతుంది. సున్నం చల్లేద్దామని తొందరపడకండి. పీహెచ్, అమ్మోనియా రెండూ చూపించాకే. అమ్మోనియా ఉన్న నీటిలో సున్నంతో పీహెచ్ పెంచితే విషం మనం కలిపినట్టే అవుతుంది.

ఇక నీటి సంగతి. మీ బావమరిది ఫోన్‌లో చెప్పిన మాటలోనే జవాబుంది. గేట్లు ఎత్తిన నీరైతే ఆయన వైపు కూడా పెరగాలి కదా. అక్కడ తగ్గింది, మీ దగ్గర పెరిగింది. కొల్లేరులోకి కొత్త నీరేమీ రాలేదు, ఉన్న నీరే మీ ఒడ్డుకు జరిగింది.

వేడి టీ సాసర్‌లో పోసుకుని ఊదితే టీ అవతలి అంచుకు ఎక్కుతుంది, మన పెదవి దగ్గర సాసర్ బయటపడుతుంది. గంటల తరబడి ఒకే దిక్కు నుంచి గాలి వీస్తే పెద్ద సరస్సుకూ అదే గతి. సముద్రంలో ఇదే పని జరిగితే ఉప్పెన అంటాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన నీటిని ఒడ్డుకు నెట్టింది కూడా ప్రధానంగా తుఫాను గాలే. మీరు ఆ రాత్రి చూసింది కొల్లేరులో ఓ చిన్న ఉప్పెన.

ఇందులో లోతు చాలా ముఖ్యం. లోతైన రిజర్వాయరులో గాలి పైనీటిని తోస్తే అడుగు నుంచి నీరు వెనక్కి తిరిగిపోతుంది. కొల్లేరులాంటి లోతు తక్కువ సరస్సులో ఆ దారి ఇరుకు. లోతు సగమైతే నీటి వాలు రెట్టింపవుతుంది. గాలి వేగం రెట్టింపైతే మాత్రం నాలుగు రెట్లు అవుతుంది. ఒక ఉజ్జాయింపు లెక్క వేశాను: 15 కిలోమీటర్ల అడ్డులేని నీరు, 5 అడుగుల లోతు, గంటకు 60 కిలోమీటర్ల గాలి స్థిరంగా ఉంటే రెండు ఒడ్డుల మధ్య రెండడుగుల పైచిలుకు తేడా వస్తుంది. అంటే ఒక పక్క అడుగు పైన పెరిగి, అవతల అంతే తగ్గుతుంది. కిక్కిస, గుర్రపుడెక్క దట్టంగా ఉన్నచోట, మధ్యలో గట్లు అడ్డున్నచోట ఇంత రాదు. మీ ఎదుట నీరు తెరిపిగా ఉన్నట్టుంది.

గాలి ఆగగానే ఒరిగిన నీరు వెనక్కి పోతుంది, ఆ ఊపులో అవతలి ఒడ్డెక్కి మళ్లీ ఇటు వస్తుంది. పై లెక్క ప్రకారం ఒక ఊపుకు రెండు గంటల పైన పడుతుంది. మన సరస్సులో బురద, గడ్డి ఎక్కువ కాబట్టి ఒకటి రెండు ఊపులకే సద్దుమణుగుతుంది. నీరు దిగాక తెల్లారేలోపు మరోసారి కాస్త పెరిగిందా? గుర్తుంటే రాయండి, నాకు తెలుసుకోవాలనుంది. మీ బావమరిది వాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక చెప్పండి. నీరు వెనక్కి పోయి మావులు, వలలు బయటపడ్డాయని పిల్లల్ని బురదలోకి పంపొద్దు. వెళ్లిన నీరు తిరిగొస్తుంది.

అమెరికాలో ఫ్లోరిడాలోని ఓకిచోబీ సరస్సు కొల్లేరు కంటే చాలా పెద్దది, సగటు లోతు మాత్రం 9 అడుగులే. చేపల వేటకు పేరున్న సరస్సు. 1928 సెప్టెంబరులో హరికేన్ వచ్చినప్పుడు ఉత్తరపు గాలి నీటినంతా దక్షిణానికి తోసి మట్టి కట్టను తెంపేసింది. 2,500 మందికి పైగా పోయారు. తుఫాను కన్ను దాటి గాలి దిక్కు మారాక ఉత్తరపు ఒడ్డు మునిగింది. గాలి తిరిగితే మునిగే ఒడ్డు కూడా మారుతుందన్నది మనం పట్టుకోవాల్సిన విషయం. మన తుఫాన్ల గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ దాటినట్టు తుఫాను బాపట్ల వైపు తీరం దాటితే కొల్లేరు మీద తూర్పు, ఆగ్నేయ గాలి వీస్తుంది. ముప్పు మీ పడమటి గట్టుకే. కాకినాడ వైపు దాటితే ఉత్తర, వాయవ్య గాలి, అప్పుడు దక్షిణపు ఒడ్డు వాళ్లు జాగ్రత్తపడాలి. టీవీలో తీరం దాటే చోటు చెప్పగానే మీ గట్టు ఏ దిక్కుకు ఉందో చూసుకోండి.

బుడమేరు నీటి తీరు వేరు. 2024 సెప్టెంబరులో మీ పక్కనే సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద నెమ్మదిగా పెరుగుతుంది, అన్ని ఒడ్డులా పెరుగుతుంది, రోజుల తరబడి నిలుస్తుంది. కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, సముద్రం పోటెత్తి ఆ నీటిని తీసుకోకపోయినా ఇంతే. కాబట్టి గట్టు దగ్గర అడుగుల గుర్తులు పెట్టిన వెదురుగడ ఒకటి పాతండి, బావమరిదిని కూడా ఒకటి పాతమనండి. తుఫాను రాత్రి గంటకోసారి ఫోన్‌లో అంకెలు చెప్పుకోండి. రెండుచోట్లా పెరిగితే వరద, పట్టుబడికి వచ్చిన చేపను ముందే పట్టించే ఆలోచన చేయండి. ఇక్కడ పెరిగి అక్కడ తగ్గితే గాలి నీరు, కొన్ని గంటలు ఓర్చుకోండి.

మీరు తూము తీయడం తప్పే. భయంలో ఎవరైనా చేసేదే అనుకోండి. బయటి నీరు ఎత్తుగా ఉన్నప్పుడు తూము తీస్తే లోపలికే వస్తుంది. ఒకవేళ ఇంజను పెట్టి చెరువు తగ్గించినా గట్టుకు లోపలి ఆసరా పోయి, బయటి నీటి తోపుకు గట్టు లోపలికి ఒరిగే ప్రమాదం ఉంది. తుఫానుకు ముందు గట్టుకూ చెరువు నీటికీ మధ్య రెండు మూడడుగుల ఎడం ఉంచుకుని, తూము బిగించి, కొల్లేరు వైపు గట్టు మీద మూడడుగుల ఎత్తున వల కట్టుకోండి.

గట్టు నీరు దిగాక జారిందని ఆశ్చర్యపోయారు. చాలా గట్లు జారేది అప్పుడే. రాత్రంతా నీటిలో నానిన మట్టి బరువెక్కి మెత్తబడుతుంది, అప్పటిదాకా దాన్ని ఆనుకుని నిలబెట్టిన నీరు గబుక్కున దిగిపోతే ఆ మట్టికి ఆసరా ఉండదు. ఇప్పుడు మట్టి తెచ్చి గట్టు పైన పోయకండి, ఆ బరువుకు ఇంకా జారుతుంది. ఇసుక బస్తాలు గట్టు అడుగున, జారిన మట్టి కింది అంచు దగ్గర పేర్చండి. పైన నిలువునా పగుళ్లుంటే వాన నీరు దిగకుండా పట్టా కప్పండి. ఎండాక అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు వచ్చేలా కట్టుకోవచ్చు. అందాకా ట్రాక్టరును ఆ గట్టు ఎక్కించొద్దు.

తూము నుంచి వచ్చిన నీటితో కొర్రమేను పిల్లలు, చేప పేను వచ్చి ఉండొచ్చు. పది పదిహేను రోజులయ్యాక వల విసిరి నాలుగు చేపలు పట్టి, రెక్కల మొదళ్లు, మొప్పల దగ్గర చూడండి. పేను కనబడితే మందు కొనేముందు ఎన్ని చేపలకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, నీటి లోతు కూడా కలిపి రాయండి. మందు మోతాదు ఆ లెక్కను బట్టే చెప్పాలి.